బీపీ మాత్రకు ప్యాకేజీ లేదు

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఇక వైద్యానికి దిగుల్లేదు.

వాస్తవం: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో కుటుంబాలను అప్పుల పాలు కాకుండా కాపాడింది. కాదనలేం. కానీ అదైనా, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డయినా ప్రధానంగా డబ్బిచ్చేది ఆస్పత్రిలో చేరాక జరిగే చికిత్సకే. ఫలానా ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ.

యాభై ఏళ్ల కూలీకి బీపీ 170 ఉందనుకోండి. రోజుకో మాత్ర, నెలకోసారి పరీక్ష ఉంటే చాలావరకు అదుపులో ఉంటుంది. ఒక నెల మాత్రలు దొరకలేదు. ఆ తర్వాత ‘తలనొప్పేం లేదు కదా’ అని తనే మానేశాడు. ఇంటికెళ్లి ఎందుకు మానేశావని అడిగేందుకు ఏ ప్యాకేజీలోనూ పైసా లేదు. కొన్నేళ్లకు కిడ్నీలు పాడైతే మాత్రం డయాలసిస్‌కు కార్డు చెల్లుతుంది, వారానికి రెండుమూడుసార్లు, బతికినన్నాళ్లూ. ఇంత ఖరీదైన పొదుపు ఇంకెక్కడైనా ఉంటుందా?

అపోహ: డాక్టరు లేని చోట వైద్యమేమిటి?

వాస్తవం: మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, గిరిజన ప్రాంతంలో 20 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలన్నది నిబంధన. అక్కడి డాక్టరు ప్రతి గడపా తొక్కలేరు. బీపీ, షుగర్ లాంటి వాటిలో మందు మొదలుపెట్టడం డాక్టరు పని. చూస్తూ ఉండటం, గుర్తుచేయడం, తేడా వస్తే పైకి పంపడం శిక్షణ పొందిన నర్సు చక్కగా చేయగలదు. ఊళ్లలో ఎంఎల్‌హెచ్‌పీలను (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లను) పెట్టింది అందుకే. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలని పెట్టారు. ఆలోచన మంచిదే. అయితే నా లెక్కలో, డాక్టరు వచ్చే ఆ రెండు రోజులకన్నా నర్సు ఉండే మిగతా రోజులే ముఖ్యం.

అపోహ: నిధులు పెంచితే అన్నీ అవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఎంత ఇస్తున్నామన్నది సగం సంగతే. దేనికి ఇస్తున్నామన్నది రెండో సగం. ఊళ్లో ఆరెంపీని చూడండి. సూదో సెలైనో పెడితేనే ఆయన చేతికి డబ్బులొస్తాయి. ‘నీకేం లేదు, ఇంటికి వెళ్లి పడుకో’ అంటే ఎవరిస్తారు? అందుకే జలుబుకూ సూది పడుతుంది. అలాగని జీతం ఒక్కటే ఇస్తే పదిమందిని చూసినా వందమందిని చూసినా ఒకటే.

థాయిలాండ్ 2002లో దేశమంతటా అమలుచేసిన 30 బాత్ పథకంలో ఓపీ వైద్యానికి తలసరి లెక్కన డబ్బిచ్చారు. ఇన్ని వేలమంది మీ బాధ్యత, ఇదిగో ఏడాది సొమ్ము అన్నారు. రోగం ముదరకుండా చూసుకోవడమే అప్పుడు లాభం. అయితే వైద్యం తగ్గించి డబ్బు మిగుల్చుకునే బుద్ధీ పుట్టొచ్చు, కాబట్టి నాణ్యత మీద నిఘా తప్పదు. బ్రిటన్ 2004లో ఫ్యామిలీ డాక్టర్లకు లక్ష్యాలు పెట్టి, అందుకున్నదాన్ని బట్టి అదనంగా చెల్లించింది. స్కాట్లాండ్ 2016లో ఆ పద్ధతిని వదిలేసింది. మన దగ్గరా కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎంఎల్‌హెచ్‌పీలకు పనిని బట్టి నెలకు 15 వేల దాకా ప్రోత్సాహకం ఉంది. ఎందరికి బీపీ చూశారని లెక్కగడితే రిజిస్టరు నిండుతుంది. ఎందరి బీపీ అదుపులోకి వచ్చిందని అడిగితేనే రోగి దగ్గరికి మళ్లీ వెళ్తారు.

అపోహ: ప్రాథమిక వైద్యం పేదల కోసం.

వాస్తవం: గుండెకొకరు, మోకాళ్లకొకరు, షుగర్‌కొకరు చొప్పున కార్పొరేట్ ఆస్పత్రుల్లో మూడు ఫైళ్లు మోస్తూ తిరిగే మధ్యతరగతి పెద్దాయనకు, ఆ మూడు చీటీలనూ కలిపి చూసే డాక్టరు ఒక్కరూ లేరు.

ఆరోగ్య నిధుల్లో మూడింట రెండు వంతుల దాకా, లేదా అంతకు మించి ప్రాథమిక వైద్యానికే ఇవ్వాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం స్పష్టంగా చెప్పింది. ఈసారి గ్రామసభ జరిగితే వెళ్లి ఒక్కటే అడగండి: మన ఊళ్లో బీపీ ఉన్నవాళ్లెందరు, అందులో అదుపులో ఉన్నవాళ్లెందరు?