హారీతి గుడీ, ఖండువుల మొక్కూ

పల్నాటి అమ్మవార్లను గురించి రాసేవాళ్లు సాధారణంగా కారెంపూడి అంకాలమ్మతో మొదలుపెడతారు. పల్నాటి యుద్ధానికి సుమారు తొమ్మిది వందల ఏళ్ల ముందే, మాచర్లకు దగ్గర్లో కృష్ణ ఒడ్డున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో ఒక తల్లికి గుడి కట్టారు. నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచకముందు, 1954-60 మధ్య జరిగిన తవ్వకాలు ఆ నగరాన్ని వెలికి తీశాయి.

ఆ తల్లి హారీతి. పిల్లల్ని తినే యక్షిణి; బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను భిక్షాపాత్ర కింద దాచాక, కడుపుకోత తెలిసి పిల్లలకు కాపుదల అయిందని కథ. జబ్బు తెచ్చే తల్లే జబ్బు తీస్తుందని పోలేరమ్మకు మొక్కిన పల్లెజనానికి ఈ తర్కం కొత్తేమీ కాదు. గుడి కొండవాలున ఉంది. దిగువన ఇటుకతో కట్టి రాతిపలకలు పరిచిన మెట్ల వరుసలు, వాటి మధ్య క్రీడారంగం. ఆ రంగాన్ని తర్వాత అనుపులో తిరిగి నిలబెట్టారు. దేవతకూ జనసమూహానికీ మధ్య ప్రాకారాలు, గోపురాలు లేచిన కాలం ఇంకా రాలేదన్నమాట.

హారీతి బౌద్ధుల దేవత కదా అని ఎవరైనా అడగవచ్చు. విజయపురిలో ఆ గీత అంత గట్టిది కాదు. చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని చెల్లెలు చాంతిశ్రీ మహాచైత్యానికి దానాలిచ్చింది. అదే లోయలో ఒక నగ్న మాతృదేవత శిల్పం దొరికింది. పైభాగం విరిగిపోయింది. ఎహువల చాంతమూలుని రాణి మహాదేవి ఖండువుల చేయించిందని దానిపై ప్రాకృత శాసనం చెబుతోంది. ఇలాంటి విగ్రహాలను పండితులు ‘లజ్జాగౌరి’ అంటున్నారు. లజ్జ మనం తగిలించిందే; శాసనంలో ఆ మాట లేదు.

ఉన్నవి వేరే మాటలు. రాణి తనను గురించి చెప్పుకున్నవి రెండే: అవిధవ, జీవపుత్ర. భర్త బతికున్నది, బిడ్డలు బతికున్నది. యుద్ధాలు, పసిపిల్లల చావులు అంతఃపురాన్ని కూడా వదలని కాలంలో ఇవి బిరుదులు కావు, భయాలు. పొలంలో నాట్లేసే ఆడదానికీ అవే భయాలు. ఆమెకు రాయి మీద చెక్కించే స్తోమత లేదు, అంతే తేడా.

సాహిత్య విద్యార్థులు ఇంకొకటి గమనించాలి. మన ‘ఐదువ’ ఈ ‘అవిధవ’ నుంచి వచ్చిందేనని నిఘంటుకారులు చెబుతారు. దాని మీదే ‘ముత్తైదువ’ నిలిచింది. పేరంటానికి ఎవరిని పిలవాలో, ఎవరిని గుమ్మం బయట నిలపాలో ఇప్పటికీ ఆ మాటే తేలుస్తోంది.