ష్‌... మాట రికార్డవుతోంది!

తెరమీద అమ్మ గొంతు జీరబోతే ప్రేక్షకుడి కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ జీర పుట్టిన క్షణంలోనే దాన్ని ఒడిసిపట్టే మనిషి ఒకరుంటారు. తెరమీద కనిపించరు, పోస్టరు మీద పేరుండదు. చెవులే పెట్టుబడిగా రోజు లెక్కన పనిచేసే ఆ సాంకేతిక నిపుణుడే... లొకేషన్‌ సౌండ్‌ మిక్సర్‌.

షూటింగ్‌ జరిగేచోట వినిపించే కేకల్ని ఎప్పుడైనా గమనించారా? 'సైలెన్స్‌... రోల్‌ సౌండ్‌... కెమెరా... యాక్షన్‌!' అందులో కెమెరాకన్నా ముందు వచ్చేది సౌండే. గౌరవంకొద్దీ ఇచ్చిన స్థానమేం కాదది. అప్పట్లో ఫిల్ము ఖరీదు, టేపు చవక. పైగా టేపు యంత్రం సరైన వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పట్టేది. అందుకే సౌండ్‌ వాళ్లు 'స్పీడ్‌' అన్నాకే కెమెరా తిరిగేది. ఇప్పుడు టేపు పోయింది, ఫిల్మూ అరుదైపోయింది. ఆ వరస మాత్రం అలాగే ఉంది.

నటులు షూటింగ్‌లో పలికిన మాటల్నే సినిమాలో ఉంచేస్తే అది 'సింక్‌ సౌండ్‌'. తర్వాత స్టూడియోలో బొమ్మ చూస్తూ మళ్లీ చెబితే డబ్బింగ్‌. మొదటి పద్ధతిలో తీసే సినిమాకి సెట్లో మాటల బాధ్యతంతా ఈ మిక్సర్‌దే.

అప్పుడన్నీ అసలు గొంతులే!

నిజానికి ఇదేమీ కొత్త విద్య కాదు. 'భక్త ప్రహ్లాద' (1932) రోజుల్లో డబ్బింగ్‌ ఊసే లేదు. నటులు మైకుకు అందేలా మాట్లాడాలి, పాటా అక్కడే పాడాలి. తర్వాత నేపథ్యగానం వచ్చింది. షూటింగులు స్టూడియో దాటి ఊళ్లకూ కొండలకూ చేరాయి. మోసుకెళ్లడానికి వీలైన కెమెరాలు గరగరమని మోతచేసేవి. దాంతో సెట్లో రికార్డు చేసింది గుర్తుకోసమే మిగిలి, డబ్బింగ్‌ ఆనవాయితీ అయిపోయింది.

మన తెలుగులో మరో చిక్కూ ఉంది. తెలుగు రాని నాయికలకు కెమెరా పక్కన నిలబడి సహాయ దర్శకుడు డైలాగులు అందిస్తుంటాడు. డబ్బింగ్‌ ఉంటే ఫర్వాలేదు. సింక్‌ సౌండ్‌లో నాయిక మాటతోపాటు ఆయన మాటా మైకులో పడిపోతుంది. అంటే ఈ పద్ధతి కావాలంటే నటులకు భాష రావాలి, డైలాగు నోటికి రావాలి.

2001లో 'లగాన్‌' గాలి మార్చింది. గుజరాత్‌లోని భుజ్‌ దగ్గర, అంతమంది జనం మధ్య తీసిన ఆ సినిమాకు సింక్‌ సౌండ్‌ వాడారు. ఆడియోగ్రఫీకి జాతీయ అవార్డూ అందుకున్నారు. 2009లో 'స్లమ్‌డాగ్‌ మిలియనీర్‌'కి రసూల్‌ పూకుట్టి మరో ఇద్దరితో కలిసి ఆస్కార్‌ అందుకున్నారు. హోరెత్తే ముంబయి వీధుల్లో మాటల్ని పట్టుకున్న ఆయన పుణె ఫిల్మ్‌ ఇన్‌స్టిట్యూట్‌ విద్యార్థి. తెలుగులో 'పెళ్లిచూపులు' (2016), 'కేరాఫ్‌ కంచరపాలెం' (2018) అదే దారిలో వచ్చాయి. కంచరపాలెంలో నటించినవాళ్లలో చాలామంది స్థానికులే, కెమెరాకు కొత్తవాళ్లే. ఉన్నచోట సహజంగా మాట్లాడేవాళ్లని ఓ చీకటి గదిలో నిలబెట్టి అదే మాట మళ్లీ చెప్పమంటే ఆ సొగసు వస్తుందా మరి!

కళ్లతో కాదు... చెవులతో!

పని షూటింగ్‌కు ముందే మొదలవుతుంది. లొకేషన్‌ చూడ్డానికి వెళ్లినప్పుడు దర్శకుడు ఇంటిని చూస్తాడు, ఛాయాగ్రాహకుడు వెలుతురు చూస్తాడు, మిక్సర్‌ మాత్రం ఓ మూల నిలబడి వింటాడు. పక్కన పిండిమర ఉందా? గుడి మైకు ఎన్నింటికి మొదలవుతుంది? బడి గంట ఎప్పుడు? పైఅంతస్తువాళ్లు మోటారెప్పుడు వేస్తారు? జనరేటర్‌ని ఎంత దూరంలో నిలపాలి? అన్నీ రాసుకోవాల్సిందే.

షూటింగ్‌ రోజున మిక్సర్‌ ముందు రికార్డరు, వైర్‌లెస్‌ రిసీవర్లు ఉంటాయి. పొడవాటి కర్ర చివర మైకు కట్టి, అది ఫ్రేములో పడకుండా, దాని నీడ గోడమీద పడకుండా నటుల తలలపైన పట్టుకునే సహాయకుడు మరొకరు. ఆయనే బూమ్‌ ఆపరేటర్‌. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో ఆయనకూ కంఠతా రావాలి. నిమిషాల తరబడి చేతులు పైకెత్తే ఉంచాలి. భుజాల నొప్పులు ఈ ఉద్యోగంలో మామూలే.

ఇంతకన్నా ఓపిక కావాల్సిన పని... నటుల దుస్తుల్లో బొత్తామంత మైకును దాచడం. నటీమణులకైతే ముందు చెప్పి, ఒప్పుకున్నాకే అమర్చాలి. పట్టుచీర గరగరలాడుతుంది. మంగళసూత్రం మైకుకు తగిలి టక్కుమంటుంది. గాజులు సరేసరి! మెత్తటి గుడ్డముక్కలూ టేపుముక్కలూ పెట్టి వాటి నోరు మూయించాలి.

ఇక ఫ్యాన్లూ ఏసీలూ ఆపించేదీ ఈయనే. మే నెలలో యూనిట్‌ మొత్తం చెమటలు కక్కుతూ ఎవరివంక గుర్రుగా చూస్తుందో వేరే చెప్పాలా? అరువిచ్చిన ఇంట్లో ఫ్రిజ్‌ ఆపేసి, మళ్లీ వేయడం మరచిపోతే ఇంటావిడ పాలూ పెరుగూ పాడైపోతాయి. అందుకే ఈ వృత్తిలో ఓ చిట్కా ఉంది... కారు తాళాల్ని ఆ ఫ్రిజ్‌లోనే పెట్టడం. అది తెరవకుండా ఇంటికెళ్లలేరుగా!

సీను అయిపోయాక మరో వింత. అందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడితే ఓ అర నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. దాన్ని 'రూమ్‌ టోన్‌' అంటారు. వంటింటి నిశ్శబ్దం వేరు, పెంకుటింటి వసారా నిశ్శబ్దం వేరు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీని పూడ్చేది అదే.

మరొక్కసారి... అడగాలా వద్దా?

అసలు పరీక్ష వేరే ఉంది. పొద్దు వాలిపోతోంది. నటి అద్భుతంగా చేసింది. దర్శకుడు 'ఓకే' అన్నాడు. కానీ ఆమె ఆఖరి మాట మీద ఎక్కడో ఆటో హారన్‌ పడింది. హెడ్‌ఫోన్లో విన్నది మిక్సర్‌ ఒక్కడే. 'ఒన్‌ మోర్‌' అంటే వెలుతురు పోతుంది, నిర్మాత ముఖం మాడుతుంది. ఊరుకుంటే కొన్ని నెలల తర్వాత స్టూడియోలో ఆ మాటను కన్నీళ్లు లేకుండా మళ్లీ చెప్పించాల్సి వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ప్రతి చప్పుడుకీ చెయ్యెత్తరు. నటి మేకప్‌ తీసేలోపు పక్కకు పిలిచి, ఆ వేడి చల్లారకముందే ఆ ఒక్క మాటా కెమెరా లేకుండా చెప్పించుకుంటారు. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు సర్దుకోవాలో తెలియడమే ఈ విద్యలో సగం.

మోతను తుడిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగా అని ఇప్పుడు కొందరి మాట. ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. కాకపోతే గొంతును సానపట్టినకొద్దీ అందులోని సహజత్వమూ అరిగిపోతుంది.

ఫోను మోగితేనే పని

నెలజీతం ఉండదు. మనిషికి రోజుకింత, పరికరాల అద్దె వేరేగా ఇంత. రికార్డరూ మైకులూ వైర్‌లెస్‌ సెట్లూ సొంతంగా కొనుక్కోవాలంటే లక్షల్లో ఖర్చు. వాటి వాయిదాలు నెలనెలా వస్తాయి, షూటింగులు అలా రావు. బిల్లు ఇచ్చాక డబ్బు అందేదాకా ఎదురుచూపులు. అందుకే సినిమా లేనప్పుడు ప్రకటనలు, డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు, వెబ్‌సిరీస్‌లు. వీటన్నిటికీ ఆధారం వినికిడి శక్తి. అది తగ్గితే వృత్తే ఉండదు.

గుర్తింపూ అంతంతమాత్రమే. 2009 సినిమాల నుంచి జాతీయ అవార్డుల్లో లొకేషన్‌ సౌండ్‌ రికార్డిస్టుకు విడిగా పురస్కారం ఇచ్చారు. 2022లో ప్రకటించిన అవార్డుల్లో అది దక్కిన సినిమా అసలు డబ్బింగ్‌ చేసిందని ఆ సినిమా సౌండ్‌ డిజైనరే బయటపెట్టడం చర్చనీయాంశమైంది. 2024లో ప్రకటించిన 70వ అవార్డులకొచ్చేసరికి ఆ విడి విభాగమే లేదు. ధ్వనికంతటికీ కలిపి సౌండ్‌ డిజైన్‌ ఒక్కటే మిగిలింది.

థియేటర్లోంచి వస్తూ 'ఫొటోగ్రఫీ బాగుంది' అంటాం, 'పాటలు బాగున్నాయి' అంటాం. 'మాటలు ఎంత శుభ్రంగా వినిపించాయో' అనేవాళ్లుండరు. ఎవరూ ఏమీ అనలేదంటే పని చక్కగా జరిగినట్టే. ఈసారి సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే గబుక్కున లేవకుండా ఒక్క నిమిషం ఆగండి. 'సింక్‌ సౌండ్‌' అని కనిపిస్తే ఆ పక్కనున్న పేరు చదవండి. మీరు విన్న నవ్వూ వెక్కిళ్లూ ఆ నటి గొంతులోంచి ఆ క్షణంలోనే వచ్చాయన్నమాట!