చిన్న ప్రింటర్, చాటున బోలెడు మీటలు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం కథలో ఒక లేజర్ ప్రింటర్ ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ దాన్ని ఇచ్చింది. కాగితం ఇరుక్కోగానే అందరి తెరల మీదా కబురు కనిపించేలా పాత ప్రింటర్ ప్రోగ్రాంను అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అప్పటికే మార్చి ఉన్నారు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని సోర్స్ కోడ్ ఆయనకు దొరకలేదు. ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది 1983లో.

అలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అయిన లినక్స్‌లో ప్రింటింగ్ బాధ్యతంతా కప్స్‌ది. మైకేల్ స్వీట్ రాసిన ఈ వ్యవస్థ 1999లో వచ్చింది. ప్రింట్ డబ్బాలో కనిపించే నాలుగు మీటలతో సరిపెట్టుకోనక్కర్లేదు. టెర్మినల్‌లో ఎల్‌పీఆప్షన్స్ అని కొట్టి, పక్కన అడ్డగీతతో చిన్న ఎల్ తగిలిస్తే డ్రైవర్‌కు తెలిసిన సెట్టింగులన్నీ వరసగా వస్తాయి. ఇప్పుడు అమల్లో ఉన్నదాని పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. దాని మెమరీ 2 మెగాబైట్లే. 600 డీపీఐలో ఒక ఏ4 పేజీ అంటే సుమారు మూడున్నర కోట్ల చుక్కలు, అంటే 4 మెగాబైట్లకు పైమాటే. మరి ఎలా పడుతుంది? పేజీని చుక్కలుగా మార్చడం, వాటిని కుదించడం కంప్యూటరే చేసి పంపుతుంది. పైగా స్విచ్ వేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌ను కూడా కంప్యూటరే ఎక్కించాలి! ఇదంతా కనిపెట్టి ఫూటుజెడ్‌జేఎస్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాసిన రిక్ రిచర్డ్‌సన్‌కు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇక మీటల సంగతి. కాగితం రకం అనే సెట్టింగును చాలామంది ముట్టుకోరు. టోనర్ పొడిని కరిగించి కాగితానికి అంటించేది వేడి రోలర్. మందపాటి కాగితం అని ఎంచుకుంటే ప్రింటర్‌ను బట్టి ఆ వేడి పెరుగుతుంది, లేదా కాగితం నెమ్మదిగా కదులుతుంది. శుభలేఖ అట్ట మీద అక్షరాలు వేలితో రుద్దితే రాలిపోతున్నాయా? ముందు ఇది చూడండి.

బ్రదర్ ప్రింటర్లకు వాడే బీఆర్‌లేజర్ డ్రైవర్‌లో టోనర్ పొదుపు మీట ఉంది. చిత్తుప్రతులకు భేషైనదే. చిన్న సైజు తెలుగుకు మాత్రం వాడొద్దంటాను. అచ్చు పలచబడితే ముందు నష్టపోయేవి మన వత్తులు, గుడి దీర్ఘాలే.

పేజీ అడుగు వరస తెగిపోతోందా? కాగితం సైజు లెటర్ అని ఉందేమో చూడండి. అమెరికా వాళ్ల ఆ కాగితం ఏ4 కన్నా దాదాపు 18 మిల్లీమీటర్లు పొట్టి, 6 మిల్లీమీటర్లు వెడల్పు.

రెండువైపులా అచ్చేసే ఏర్పాటు లేని ప్రింటర్ అయినా ఫర్వాలేదు. ముందు బేసి పేజీలు, కట్టను తిప్పిపెట్టి తర్వాత సరి పేజీలు. ఆ విడదీసే పని కప్స్ చేస్తుంది. 16 పేజీల పుస్తకం కుట్టాలంటే వరస వేరు: మొదటి కాగితానికి ఒకవైపు 16, 1, రెండోవైపు 2, 15. అప్పుడు కాగితాన్ని పొట్టి అంచు మీదుగా తిప్పాలి.

ఇన్నీ ప్రతిసారీ ఎంచుకోనక్కర్లేదు. ఒకే ప్రింటర్‌కు కప్స్‌లో వేర్వేరు సెట్టింగులతో రెండు మూడు పేర్లు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఒకటి ‘చిత్తు’, ఇంకొకటి ‘సాపు’.