కరెంటు పోతే వంట, నీళ్లు ఆగకూడదంటే.. ఇంట్లో ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?

వేసవిలో అనంతపురం జిల్లాలో కరెంటు పోవడానికి తుపానే రానక్కర్లేదు. పగలంతా 40 డిగ్రీలు దాటిన ఎండ, సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి, ఆపై నాలుగు చినుకులు చాలు. కొమ్మ విరిగి తీగలపై పడితే సరఫరా ఆగుతుంది. స్తంభమే ఒరిగితే రాత్రంతా చీకటే. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో విద్యుత్ కొరత వచ్చి పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. అప్పుడు ఇళ్లకూ కోతలు తప్పలేదు.

ఈ మెట్ట ప్రాంతంలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. మోటారు ఆగితే నీళ్లూ ఆగుతాయి. అందుకే వెలుతురుతో పాటు వంట, నీళ్ల గురించీ ముందే ఆలోచించాలి.

ఇన్వర్టర్ ఉంటే చాలదా?

లైట్లు, ఫ్యాన్లకు చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్ల విద్యుత్ ఉంటుంది. నష్టాలు పోను వాడుకోగలిగేది సుమారు 1,200. రెండు 75 వాట్ల ఫ్యాన్లు, మూడు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు కలిపి 177 వాట్లు. అంటే ఆరేడు గంటలు వస్తుంది. బ్యాటరీ పాతదైతే అంత రాదు. ఇండక్షన్ స్టవ్ మాత్రం ఒక్కటే 2,000 వాట్ల దాకా లాగుతుంది. ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్ దాన్ని మోయలేదు.

మిద్దె మీద సోలార్ ఉంటే?

పీఎం సూర్యఘర్ కింద పెట్టించుకున్న వాళ్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్లు కరెంటు పోగానే, పట్టపగలైనా ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటు ఇది. కోత సమయంలోనూ కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి.

వెలుతురుకు ఏం కావాలి?

* హోల్డర్‌లోనే ఉండి ఛార్జ్ అయ్యే ఎమర్జెన్సీ బల్బులు రెండు: ఒకటి వంటింట్లో, ఒకటి హాల్లో.
* ఒక టార్చి. చీకట్లోనూ చేతికందే ఒకే చోట పెట్టాలి.
* 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. ఫోన్‌ను కనీసం ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేస్తుంది.

వాడకపోయినా నెలకోసారి వీటిని ఛార్జ్ చేయాలి. లేదంటే అవసరానికి వెలగవు. కొవ్వొత్తి వెలిగిస్తే దోమతెరకు, కర్టెన్లకు దూరంగా పెట్టి, నిద్రపోయే ముందు ఆర్పేయాలి.

వంట ఎలా?

ఇండక్షన్ వాడేవాళ్లు కూడా గ్యాస్ పొయ్యి ఉంచుకోవడం మేలు. ఒకే సిలిండర్ ఉన్నవాళ్లు 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకోవచ్చు. దానికి చిరునామా రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. మిక్సీ లేకున్నా గడిచేలా చెనక్కాయల పొడి, బొరుగులు ఇంట్లో ఉంచుకోండి. ఉగ్గానికి పది నిమిషాల మంట చాలు. బొగ్గుల కుంపటి, జనరేటర్ మాత్రం తలుపులు మూసిన ఇంట్లో పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

నీళ్లు, మందులు

గాలి మొదలవగానే ట్యాంకు నింపుకోండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు కనీసం నాలుగైదు లీటర్లు బిందెల్లో పట్టి మూతపెట్టండి. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు కోత ఎక్కువసేపు ఉంటే దాన్ని తడి తగలకుండా కవర్లో చుట్టి, తడిపిన మట్టికుండలో పెట్టొచ్చు. మన పొడి గాలికి కుండ బాగా చల్లబడుతుంది.

ఎవరికి చెప్పాలి?

అనంతపురం జిల్లాకు సరఫరా చేసేది ఏపీఎస్పీడీసీఎల్. టోల్ ఫ్రీ నంబరు 1912. ఫోన్ చేసేటప్పుడు బిల్లుపై ఉన్న సర్వీస్ నంబరు దగ్గర పెట్టుకుని, ఫిర్యాదు నంబరు రాసుకోండి. తెగిన తీగ కనిపిస్తే దగ్గరకు పోవద్దు, పశువులనూ పోనివ్వద్దు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. కరెంటు పోగానే మోటారు, ఏసీ స్విచ్చులు ఆపేయండి. తిరిగి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి, వోల్టేజి నిలకడగా ఉంటేనే వేయండి.