మార్చిన కాలేయంలో ఎవరి జన్యువులు?

మద్యం తాగి తాగి కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరి, కామెర్లు ఎంతకీ తగ్గని దశకు వచ్చినవారికి చివరికి మిగిలే వైద్యం కాలేయ మార్పిడి. అది జరిగాక ఆ మనిషి ఒంట్లో ఇద్దరి జన్యువులు పనిచేస్తుంటాయి. మెదడు, పేగులు తనవి, కాలేయం దాతది. కొత్త కాలేయానికి మళ్లీ కొవ్వు పడుతుందా, మాత్రలు ఏ మోతాదులో సరిపోతాయి, తాగుడు తిరగబెడుతుందా అన్నవాటిలో ఈ జన్యువులకు కొంత వాటా ఉంది.

ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారిలోనూ కాలేయం అలా గట్టిపడే సిరోసిస్ దాకా వెళ్లేది నూటికి పది నుంచి ఇరవై మందే. ఈ తేడాకు కారణం వెతుకుతున్నప్పుడు బలంగా కనిపించిన జన్యువు పీఎన్‌పీఎల్‌ఏ3. ఫ్యాటీ లివర్‌తో దానికున్న సంబంధాన్ని 2008లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు బయటపెట్టారు. అది తయారుచేసే ప్రొటీన్‌లో 148వ స్థానంలో ఐసోల్యూసిన్‌కు బదులు మెథియోనిన్ వస్తే, ఆ ప్రొటీన్ కాలేయ కణాల్లోని కొవ్వు బిందువుల మీద పేరుకుపోయి కొవ్వును కరగనివ్వదు. దానికి మద్యం తోడైతే కొవ్వు వాపుకు, వాపు మచ్చలకు దారితీస్తుంది. 2015 నాటి యూరప్ అధ్యయనంలో, ఇలా మారిన జన్యువు కాపీ ఒక్కొక్కటి పెరిగినకొద్దీ తాగేవారికి సిరోసిస్ ముప్పు సుమారు రెట్టింపవుతూ వచ్చింది. టీఎం6ఎస్‌ఎఫ్2, ఎంబీఓఏటీ7 అనే మరో రెండు జన్యువుల పాత్ర కూడా అందులోనే తేలింది. 2018లో వెల్లడైన హెచ్‌ఎస్‌డీ17బీ13 మార్పు మాత్రం కాలేయాన్ని కాపాడే రకం.

పీఎన్‌పీఎల్‌ఏ3 ముఖ్యంగా పనిచేసేది కాలేయంలోనే. పాత కాలేయంతో పాటు అక్కడి చెడ్డ కాపీలూ పోతాయి కాబట్టి, ఇక చూడాల్సింది దాతకు ఏముందన్నది. దాతకు రెండు కాపీలూ మారినవైతే కొత్త కాలేయంలో కొవ్వు చేరే అవకాశం ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. గ్రహీత జన్యువుకూ పాత్ర ఉందని మరికొన్ని చూపాయి. పరిశోధకుల్లో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.

మన దగ్గర ఈ ప్రశ్న నేరుగా కుటుంబంలోకి వస్తుంది. అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా బ్రెయిన్ డెడ్ అయినవారి కాలేయాలే అమరుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో జీవన్‌దాన్ పేరుతో అలాంటి అవయవదానాల పథకం మొదలైనా, భారతదేశంలో ఎక్కువ మార్పిడులు ఇప్పటికీ బతికున్న దాతలతోనే జరుగుతున్నాయి. అవయవ మార్పిడి చట్టం ముందుగా అనుమతించేది దగ్గరి బంధువులనే. తిరుచానూరు నుంచి చెన్నైకో వేలూరుకో వెళ్లే రోగి వెంట దాతగా నడిచేది సాధారణంగా భార్యో, కొడుకో, తోబుట్టువో. రోగికి రెండు చెడ్డ కాపీలుంటే కన్నబిడ్డలందరికీ కనీసం ఒకటి వచ్చి తీరుతుంది. సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికి రెండూ ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. భార్యది వేరే రక్తం అనుకోవడానికి చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అన్నిసార్లూ వీలుండదు. మేనమామ కూతురినో, అక్క కూతురినో చేసుకున్న ఇళ్లలో ఆమె కూడా రక్తసంబంధీకురాలే.

అంతమాత్రాన దాతను వద్దనడం తొందరపాటే. ఆసుపత్రులు దాత ఎంపికలో చూసేది కాలేయంలో నిజంగా ఎంత కొవ్వుందన్నది, స్కాన్‌తోనూ, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించీ. పీఎన్‌పీఎల్‌ఏ3 పరీక్ష మామూలుగా చేసే పరీక్షల్లో లేదు. సన్నగా, మద్యం ముట్టకుండా ఉన్న దాతకు ఒక చెడ్డ కాపీ ఉన్నా కాలేయం చక్కగా ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాత గ్రహీత బరువు పెరిగి, స్టెరాయిడ్ల వల్ల షుగర్ వచ్చినప్పుడే ఆ జన్యువుకు అదను దొరుకుతుంది.

ఇప్పటికే వైద్యానికి పనికొచ్చే జన్యు సమాచారం మాత్రల విషయంలో ఉంది. కొత్త కాలేయాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్‌ను సీవైపీ3ఏ5 ఎంజైమ్ విరగ్గొడుతుంది. కొందరిలో ఈ ఎంజైమ్ దాదాపు తయారు కాదు. దక్షిణాసియాలో సుమారు సగం మందిలో తయారవుతుంది. తయారయ్యేవారికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మోతాదు అవసరం కావచ్చు. మాత్ర ముందు పేగుల్లో, తర్వాత కాలేయంలో విరుగుతుంది. పేగులు గ్రహీతవి, కాలేయం దాతది కనుక ఇద్దరి జన్యువులూ లెక్కలోకి వస్తాయి. మోతాదు తగ్గితే తిరస్కరణ, పెరిగితే కిడ్నీలకు దెబ్బ. అందుకే పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తీయించి మందు స్థాయి చూస్తారు. పంపర పనసకు దూరంగా ఉండమనేదీ ఇందుకే. అందులోని పదార్థాలు మందును విరగ్గొట్టే ఎంజైముల పనిని అడ్డుకుంటాయి.

తాగుడుకు బానిసయ్యే స్వభావంలో సుమారు సగం వంశపారంపర్యమని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. కాలేయం మారినా ఆ జన్యువులు మెదడులో ఉన్నచోటే ఉంటాయి. ఆపరేషన్‌కు ముందూ వెనుకా మానసిక వైద్యుల సహాయం, ఇంటివాళ్ల అండ చికిత్సలో భాగమయ్యేది అందువల్లనే. తండ్రికి కాలేయం ఇచ్చిన కొడుక్కీ ఈ వంశపారంపర్య ముప్పు వర్తిస్తుంది. అతనిలో మిగిలిన భాగం కొన్ని నెలల్లో తిరిగి పెరుగుతుంది కానీ, తండ్రి నుంచి చెడ్డ పీఎన్‌పీఎల్‌ఏ3 కాపీ వచ్చి ఉంటే అది అలాగే ఉంటుంది. మద్యానికి దూరంగా ఉండమనీ, ఏటా లివర్ పరీక్ష చేయించుకోమనీ అతనికీ చెప్పాల్సిందే.