మోల్ డేకి ముద్ర వేసిందెవరు?

అక్టోబర్ 23 వస్తే కెమిస్ట్రీ మాస్టార్లకు హుషారు. ఆ రోజు ‘అంతర్జాతీయ మోల్ దినోత్సవం’ అంటూ శుభాకాంక్షలు చేతులు మారుతుంటాయి. ఇంతకీ దానికి నిజంగా గుర్తింపు ఉందా? ఒక రోజును ఖాయం చేయడంలో మహా పట్టింపు ఉన్న ఒమన్‌లో నిలబడి చూస్తే ఆ సంగతి తేల్చుకోవడం సులువు.

ఒమన్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు రంజాన్ నెల చివర్లో ఒకటే ఆరాటం. పండగ రేపా, ఎల్లుండా? ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం జనం నెలవంక కోసం పడమటి దిక్కు చూస్తారు. కనిపించిందన్న కబురు వస్తే సరిపోదు. వక్ఫ్, మత వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని కమిటీ దాన్ని పరిశీలించి ప్రకటించాలి. 2025లో సౌదీ అరేబియా మార్చి 30న ఈద్ చేసుకుంటే, పక్కనే ఉన్న ఒమన్ 31న చేసుకుంది. చంద్రుడు ఒక్కడే అయినా ఏ దేశం ప్రకటన ఆ దేశానిదే.

జాతీయ దినోత్సవం సంగతీ ఇంతే. దశాబ్దాల పాటు అది నవంబర్ 18న, సుల్తాన్ ఖాబూస్ పుట్టినరోజున జరిగేది. 2025 జనవరిలో సుల్తాన్ హైతమ్ బిన్ తారిఖ్ దాన్ని నవంబర్ 20కి మార్చారు. 1744లో అల్ బుసైద్ వంశం పాలన మొదలవడాన్ని అందుకు కారణంగా చూపారు. రాజశాసనం వెలువడింది, క్యాలెండర్ మారింది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్న మూడింటికీ అక్కడ జవాబుంది. మోల్ డేని కూడా ఇవే ప్రశ్నలు అడుగుదాం.

విస్కాన్సిన్ మాస్టారి పండగ

మోల్ అంటే పదకొండో తరగతి పిల్లల్ని హడలగొట్టే లెక్క. డజను అంటే పన్నెండైనట్టే మోల్ అంటే 6.022 × 10²³. నాలుగు టీస్పూన్లకు కాస్త తక్కువగా నీళ్లు తీసుకుని తూస్తే 18 గ్రాములు ఉంటాయి. అందులోని నీటి అణువులు ఒక మోల్. ఈ సంఖ్యకు ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో పేరు పెట్టారు కానీ ఆయన దాన్ని లెక్కగట్టలేదు. ఆయన తన సూత్రాన్ని చెప్పింది 1811లో. ఆయన పేరుతో సంఖ్యను పిలిచింది 1909లో, ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెరాఁ.

1980ల మొదట్లో అమెరికాలో సైన్స్ ఉపాధ్యాయుల పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఈ సంఖ్య పేరుతో ఒక రోజు జరుపుకొంటే పిల్లలకు పాఠం మీద భయం పోతుందన్నది దాని సారాంశం. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ప్రెయిరీ డు షీన్ అనే ఊళ్లో కెమిస్ట్రీ మాస్టారు మారిస్ ఓలర్‌కి అది నచ్చింది. 1991 మే 15న ఆయన ‘నేషనల్ మోల్ డే ఫౌండేషన్’ పెట్టారు. పదో నెల, 23వ తేదీ, ఉదయం 6:02 నుంచి సాయంత్రం 6:02 వరకు పండగ. అమెరికన్ కెమికల్ సొసైటీ ఏటా జరిపే రసాయనశాస్త్ర వారం కూడా ఆ రోజుల్లోనే రావడంతో బడుల్లో దానికి ఊపొచ్చింది.

పేరులో ‘నేషనల్’ ఉన్నంత మాత్రాన అమెరికా ప్రభుత్వం ప్రకటించినట్టు కాదు, అది ఒక ఉపాధ్యాయుడు పెట్టిన సంస్థ. ఐక్యరాజ్యసమితి జాబితాలో మోల్ డే లేదు. యునెస్కో జాబితాలో లేదు. భారత ప్రభుత్వ సైన్స్ దినోత్సవాల్లో లేదు. ఒమన్ అధికారిక సెలవుల్లో ఉండే ప్రశ్నే లేదు. పైగా నెల ముందు, తేదీ వెనక రాసే అమెరికా పద్ధతిలో ఉంది దీని చమత్కారమంతా. తేదీ ముందు రాసే మస్కట్, హైదరాబాద్‌లలో 23/10 అంటే ఆ ముడి విడిపోతుంది.

అనామకంగా పుట్టి ఐరాస దాకా

చిన్నగా మొదలైన రోజులన్నీ చిన్నగానే మిగలవు. జూన్ 30 ఆస్టరాయిడ్ డేనే చూడండి. 1908లో అదే తేదీన సైబీరియాలోని తుంగుస్కా మీద ఆకాశంలో ఒక శిల పేలి రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని నేలమట్టం చేసింది. దాన్ని గుర్తుచేస్తూ ఒక రోజు ఉండాలని 2014లో ముందుకొచ్చినవాళ్లలో ‘క్వీన్’ బృందం గిటారిస్టు బ్రయాన్ మే, వ్యోమగామి రస్టీ ష్వైకార్ట్ ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 2016 డిసెంబర్‌లో, ఐరాస సర్వప్రతినిధి సభ తీర్మానం చేసి దాన్ని అంతర్జాతీయ దినోత్సవం చేసింది.

ఒమన్‌కు ఈ రోజుతో చుట్టరికం ఉంది. మధ్య ఒమన్ ఎడారిలో లేత రంగు కంకర మైదానాలు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి. ఆకాశం నుంచి పడిన నల్లరాయి అక్కడ ఇట్టే కంటబడుతుంది. 2001 నుంచి ఒమన్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి ఆ రాళ్లను వెతుకుతున్నారు. 2002 జనవరిలో సైహ్ అల్ ఉహైమిర్ ప్రాంతంలో దొరికిన 206 గ్రాముల రాయి చంద్రుడి నుంచి వచ్చిందని తేలింది.

అక్టోబర్ 6 గురించి విన్నవాళ్లు ఇంకా తక్కువ. అది అంతర్జాతీయ భూవైవిధ్య దినోత్సవం. 2021లో యునెస్కో ప్రకటించింది, 2022లో తొలిసారి జరిగింది. పేరు ఎవరికీ తెలియకపోయినా ముద్ర పక్కాగా ఉంది. మోల్ డే పేరు బడి పిల్లల నోళ్లలో నానుతుంది, ముద్ర మాత్రం లేదు. కాబట్టి పేరు మోగుతోందా లేదా అన్నది గుర్తింపుకు కొలత కాదు.

మధ్యరకం కూడా ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో 1988లో లారీ షా మొదలుపెట్టిన పై (π) డే మార్చి 14న వస్తుంది. 2019లో యునెస్కో ఆ తేదీనే ఎంచుకుంది. కానీ పెట్టిన పేరు అంతర్జాతీయ గణిత దినోత్సవం. ముద్ర పడింది గణితానికి, తేదీ మాత్రం పై డే వాళ్లది.

మోల్‌కి అసలు రోజు

మోల్‌తో ముడిపడిన, పక్కా గుర్తింపున్న రోజు ఒకటి ఉంది, అది మే 20. 1875లో అదే తేదీన 17 దేశాలు పారిస్‌లో మీటర్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2018 నవంబర్‌లో వెర్సాయ్‌లో సమావేశమైన తూనికలు, కొలతల మహాసభ మోల్‌కి కొత్త నిర్వచనం ఆమోదించింది. 6.02214076 × 10²³ అని సంఖ్యను శాశ్వతంగా స్థిరపరిచింది. అది అమల్లోకి వచ్చింది 2019 మే 20న. తూనికలు, కొలతల ప్రపంచం ఏళ్ల తరబడి తనకు తానే జరుపుకొంటూ వచ్చిన ఆ ప్రపంచ మెట్రాలజీ దినోత్సవానికి 2023 నవంబర్‌లో యునెస్కో కూడా ముద్ర వేసింది.

మోల్ ఒమన్‌లో బడి గోడలు దాటి కంపెనీ బోర్డు మీదికీ ఎక్కింది. మస్కట్‌లో పుట్టిన ఒక సంస్థ పేరు ‘44.01’. ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ బరువు అన్ని గ్రాములే. ఒమన్ కొండల్లో పెరిడోటైట్ అనే రాయి ఉంది. భూగర్భంలో లోతున ఉండాల్సిన ఈ రాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రపు నేలతో సహా పైకి తోసుకొచ్చింది. వాగు ఒడ్డున ఆ గోధుమరంగు బండ పక్కన కూర్చుని చూస్తే తెల్లటి ఈనెలు కనిపిస్తాయి. అవి కార్బన్ డయాక్సైడ్ రాయిగా మారిన గుర్తులు. ప్రకృతి నిదానంగా చేసే ఆ పనిని, వాయువును నీళ్లలో కలిపి రాతి పొరల్లోకి పంపి వేగంగా చేయించడం ఈ సంస్థ పని. 2022లో దానికి, పర్యావరణ కృషికి ఇచ్చే ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది.

తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు

1. ప్రకటించింది ఎవరు? ఐరాస సర్వప్రతినిధి సభా, యునెస్కోనా, ఒక దేశ ప్రభుత్వమా, ఒక సంఘమా?

2. కాగితం ఏది? ఐరాస తీర్మానానికి సంఖ్య, తేదీ ఉంటాయి. ‘అంతర్జాతీయ’ అని రాసి ఆ రెండూ చూపకపోతే అనుమానించాల్సిందే.

3. ముద్ర ఏ పేరు మీద ఉంది? పై డే ఉదాహరణ మరవకండి.

4. గుర్తింపు అంటే సెలవా? కాదు. విశాఖలో బడి చదువు చదివిన సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన ఫిబ్రవరి 28ని 1986లో భారత ప్రభుత్వం జాతీయ సైన్స్ దినోత్సవంగా ఖరారు చేసింది. ఆ రోజు బడికి సెలవు లేదు, ఉండకూడదు కూడా.

ఈ నాలుగు ప్రశ్నలకు మోల్ డే ఇచ్చే జవాబులు సూటిగానే ఉన్నాయి. అది ఉపాధ్యాయుల ఆనవాయితీ. ప్రభుత్వ ముద్ర లేదు, ఐరాస ముద్ర లేదు. అంతమాత్రాన అది బూటకం కాదు. లేని ముద్రను ఉన్నట్టు చెబితేనే బూటకం. బడి సర్క్యులర్‌లో ‘అంతర్జాతీయ’ అన్న మాట కొట్టేసి, ‘కెమిస్ట్రీ ఉపాధ్యాయులు మొదలుపెట్టిన రోజు’ అని రాస్తే పిల్లలకు రసాయనశాస్త్రంతో పాటు ఆధారం అడగడం కూడా వస్తుంది. మే 20న మన రాష్ట్రాల్లో వేసవి సెలవులు. ఒమన్‌లోని ఇండియన్ స్కూళ్లు మాత్రం అప్పుడు తెరిచే ఉంటాయి. మోల్‌తో ముడిపడిన, ముద్ర ఉన్న రోజును జరిపే వీలు వాళ్లకే ఎక్కువ.

అక్టోబర్ 23నే కావాలంటే మరో చిక్కుంది. 2026లో అది శుక్రవారం, ఒమన్‌లో వారాంతపు సెలవు. గురువారమే చేసేసుకోండి. ముద్ర లేని పండగను ఒక రోజు ముందుకు జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.