తొంభై రోజుల పురుడు

తొలికాన్పుకు కూతురు పుట్టింటికి రావడం మన ఆచారం. దర్శిలో మా పక్కింటావిడ విషయంలో అది తిరగబడింది. కూతురూ అల్లుడూ జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్నారు, కాన్పు అక్కడే. "పురుడు పోసి, ఆరోనెల అన్నప్రాశన కూడా చూసి వస్తాను మేస్టారూ!" అంటూ కాగితాలు నా ముందు పెట్టిందావిడ.

అక్కడే వచ్చింది చిక్కు. షెంగెన్ వీసా మీద వెళ్ళినవారు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. దిగిన రోజూ, బయలుదేరిన రోజూ లెక్కలోవే. నాలుగు రోజులు పక్కనున్న ఫ్రాన్సుకు వెళ్ళి వచ్చినా లాభం లేదు. 29 దేశాలకూ కలిపి ఒకటే లెక్క. పూర్వం పాసుపోర్టు మీది ముద్రలు చూసి రోజులు లెక్కించేవారు. 2025 అక్టోబరులో మొదలైన పద్ధతిలో ఆ పని యంత్రానిదే, దాన్ని బతిమాలుకునే వీలు కూడా లేదు!

తక్కినవి అంత కష్టం కాదు. తిరుగు ప్రయాణం తరువాత మరో మూడు నెలలైనా చెల్లే పాసుపోర్టు, కనీసం 30,000 యూరోల వైద్యబీమా, 90 యూరోల రుసుము ఉండాలి. ఖర్చులు తాను భరిస్తానని అల్లుడు అక్కడి కార్యాలయంలో హామీపత్రం తీసుకున్నాడు. ఈవిడ తిరిగి వస్తుందన్న నమ్మకం వాళ్ళకు కలగాలి గదా! పట్టాదారు పాసుపుస్తకం జతపరిచాం. మిరపచేను సాక్ష్యం పలికింది.

ఇక ఎప్పుడు బయలుదేరడం? పంచాంగమూ క్యాలెండరూ పక్కపక్కన పెట్టుకు కూర్చున్నాం.

"పురుటికి తల్లి లేకపోతే ఎట్లాగండీ?" అని, నెలలు నిండడానికి పదిరోజుల ముందు తేదీ మీద వేలు పెట్టిందావిడ. అన్నప్రాశన ఫోనులోనే చూస్తుందట.